బిజేంద్ర నాయుడి గురువారాలు

బిజేంద్ర నాయుడు బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. అయినా ఆక్లాండ్ శివారు మౌంట్ రాస్కిల్‌లో ఆయన్ని మెకానిక్‌గా ఎరిగినవాళ్లు తక్కువ. ఒక తరం పిల్లలందరికీ ఆయన మిస్టర్ బి. పార్కు పక్కనున్న పాత చెక్క హాలు తాళం తీసి, జెండా ఎగరేసి, వాళ్లకు ముడులు వేయడం, మంట రాజేయడం, దారి తప్పితే భయపడకుండా ఉండటం నేర్పిన మనిషి. గురువారం సాయంత్రం ఆయన ఇంకెక్కడా ఉండడు. పెళ్లిళ్లు, పూజలు గురువారం పడితే భార్య అంజని ఒక్కతే వెళ్లేది.

ఆయన పుట్టింది ఫిజీలో, బా అనే ఊళ్లో. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కించిన కుటుంబం. ఎనభై ఏడులో సైన్యం అక్కడి ప్రభుత్వాన్ని కూలదోశాక అంజనిని తీసుకుని ఆక్లాండ్ వచ్చేశాడు. తెలుగు నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాడు. ఆ తెలుగు వింటే హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకు నవ్వొచ్చేది. సూపర్‌మార్కెట్‌ను ఆయన సంత అనేవాడు. కారును బండి అనేవాడు, తనకన్నా చిన్నదైన ఏ ఆడమనిషినైనా అమ్మీ అనేవాడు.

గిరిజకు ఆయన పరిచయమైంది కారు అద్దంలోంచి. ఆమెది హనుమకొండ. రక్తపరీక్షల సెంటర్లో పని. కొడుకు సాయిని స్కౌట్స్‌లో వేసి, క్లాసు అయ్యేదాకా కార్లోనే కూర్చుని ఫోన్ చూసుకునేది. ఒక వాన సాయంత్రం బిజేంద్ర వచ్చి అద్దం మీద తట్టాడు.

"లోపలికి రా అమ్మీ, టీ ఉంది. ఊరకే కూర్చోకు, వచ్చి ఆ తాడు చివర పట్టుకో."

తాడు పట్టుకోవడానికి వెళ్లిన గిరిజ మళ్లీ బయటికి రాలేదు. శిక్షణ తీసుకుంది, పోలీసు వెరిఫికేషన్ చేయించుకుంది, యూనిఫాం కుట్టించుకుంది. సాయి పెద్దవాడై చదువుకి క్రైస్ట్‌చర్చ్ వెళ్లిపోయి రిక్కార్టన్‌లో ఫ్లాట్ తీసుకున్నా ఆమె మాత్రం గురువారాలు మానలేదు.

అదేమీ గొప్పగా కనిపించే పని కాదు. ఏడిచే పిల్లను ఓదార్చడం, టాయ్‌లెట్ కడగడం, తడిసిన టెంట్లు ఇంటికి తెచ్చుకుని గ్యారేజీలో ఆరబెట్టుకోవడం. క్యాంపు డబ్బుల కోసం శనివారం హార్డ్‌వేర్ దుకాణం ముందు సాసేజీలు కాల్చి అమ్మాలి. మాంసం తిననివాళ్లకు వేరే పెనం, హలాల్ వాళ్లకు ఇంకో పెనం. తల్లిదండ్రులు కారు ఇంజన్ ఆపకుండానే పిల్లల్ని దింపి, ఆలస్యంగా వచ్చి ఎక్కించుకుని పోయేవారు. సాయానికి రమ్మంటే, "మీరున్నారు కదా ఆంటీ" అనేవారు. ఎనిమిదేళ్లలో ఆ స్కౌట్ దళానికి, ట్రూపుకు, దొరికిన పెద్దవాళ్లు ఆ ఇద్దరే.

ఆ శీతాకాలంలో మొదటి తేడా గిరిజ కంటబడింది. ఆమె హాలుకు వచ్చేసరికి బిజేంద్ర తాళంచెవి చేతిలో పట్టుకుని తలుపు ముందు నిలబడి ఉన్నాడు. వాన పడుతోంది. పిల్లలు ఆయన చుట్టూ గుమిగూడి ఉన్నారు.

"ఏమైంది అంకుల్?"

"ఈ తలుపు మార్చారా ఏంటి?"

తలుపు ఎవరూ మార్చలేదు. గిరిజ తాళంచెవి తీసుకుని తెరిచింది. వయసు కదా, కళ్లు సరిగా ఆనలేదేమో అనుకుంది. తర్వాత ఆయన ఒకే ఆటను ఒకే సాయంత్రం రెండుసార్లు మొదటినుంచీ వివరించాడు. పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఇంకోసారి ఒక పిల్లను పట్టుకుని, ఎప్పుడో పెద్దదై పెళ్లి కూడా చేసుకున్న ఇంకొకామె పేరుతో పిలిచాడు. ఆయన చేతులు మాత్రం తడబడేవి కావు. ఏ ముడైనా చకచకా వేసేసేవాడు. దాని పేరేమిటని పిల్లలు అడిగితే చేతుల వంక చూస్తూ ఉండిపోయేవాడు.

గిరిజ ఏమీ అనకుండా ఆయన వెనకాల సర్దడం మొదలుపెట్టింది. గ్యాస్ స్టవ్ కట్టేశాడో లేదో చూసేది. పిల్లల హాజరు మళ్లీ తనే తీసుకునేది. పిల్లలు నవ్వితే కసిరేది. ఒకరోజు ధైర్యం చేసి అంజనికి ఫోన్ చేసింది.

అంజని మెల్లగా అంది. "నాకు తెలుసు గిరిజా. డాక్టరు పరీక్ష చేయించమని రాశాడు. పోదామంటే నాకేం రోగం అని అరుస్తాడు. ఇంట్లో రోజంతా కుర్చీలో అట్లాగే కూర్చుంటాడు. గురువారం వస్తే మాత్రం పొద్దున్నే లేచి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటాడు. అదొక్కటీ తీసెయ్యకు."

"పిల్లలతోటి పని కదా ఆంటీ..."

"నువ్వున్నావు కదా పక్కన. ఈ ఒక్క ఏడాది చూడు. క్యాంపు అయ్యాక నేనే మానిపిస్తాను."

గిరిజ సరేనంది. తన తండ్రి దగ్గర కన్నా ఎక్కువగా ఆ మనిషి దగ్గర నేర్చుకున్న ఆమెకు కాదనే నోరు రాలేదు.

తర్వాతి ఏప్రిల్‌లో, అక్కడి శరదృతువు సెలవుల్లో క్యాంపు వచ్చింది. ఊరికి దక్షిణాన కొండల్లో, ట్రూపు ఏటా వెళ్లే చోటే. ఈసారి సాయానికి ఒక తండ్రి దొరికాడు. పేరు వినీత్, మౌంట్ ఆల్బర్ట్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆయన కూతురు అక్షరకు పన్నెండేళ్లు. ఆ ఏడాదే ట్రూపులో చేరిన ఆ పిల్ల ముడులు వేయడంలో అందరినీ మించిపోయింది. బిజేంద్ర తన తర్వాత ఆ పిల్లకే జెండా కట్టే పని ఇచ్చేవాడు. తండ్రి అడవిలో నిద్రపోవడం అదే మొదటిసారి. "నాకేం తెల్వదక్కా, మీరు చెప్పింది చేస్త" అన్నాడు గిరిజతో.

మొదటి రాత్రంతా వాన కురిసింది. తెల్లారి గిరిజ, బిజేంద్ర కలిసి, తర్వాతి మకాంకు నడవాలంటే దాటాల్సిన వాగు దగ్గరికి వెళ్లి చూశారు. ఎప్పుడూ రాళ్లు కనిపించే చోట బురదనీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి.

"దాటొద్దు" అన్నాడు బిజేంద్ర వెంటనే. "బ్రిడ్జి మీదుగా పోవాలి. దూరమైతే అయింది."

ఆ మాట ఆయన నోటినుంచే వచ్చేసరికి గిరిజ మనసు తేలికపడింది. ఆ సమయానికి వినీత్ టెంట్లు మడతపెడుతున్నాడు. ఆయనకు కూడా ఒక మాట చెప్పాలని గిరిజ అనుకుంది. ఇంతలో ఒక పిల్లాడు వాంతులు మొదలుపెట్టాడు. వాడికి మొహం కడిగి, బట్టలు మార్చి, వాళ్లమ్మకు ఫోన్ చేసేసరికి మిగతావాళ్లు బ్యాగులు తగిలించుకుని సిద్ధంగా ఉన్నారు. వాంతుల పిల్లాడి కోసం ఆమె ఆగిపోవాల్సి వచ్చింది.

"బ్రిడ్జి, అంకుల్" అని అరిచింది వాళ్లు బయల్దేరుతుంటే.

"తెలుసు అమ్మీ" అని ఆయన చెయ్యి ఊపాడు. ఆ కేకకు అర్థం వాళ్లలో ఆయనొక్కడికే తెలుసు.

తర్వాత జరిగింది గిరిజ చూడలేదు. పిల్లలు, వినీత్ చెప్పగా తెలిసింది. దారి రెండుగా చీలే చోట బిజేంద్ర ఒక క్షణం కూడా ఆగలేదట. ఏటా వెళ్లే దారినే పట్టుకుని నేరుగా వాగు దగ్గరికి తీసుకెళ్లాడు.

"సార్, నీళ్లు ఎక్కువున్నయ్ కదా?" అని అడిగాడు వినీత్.

"మోకాలి లోతు. నేను ఎన్నేళ్లుగా దాటిస్తున్నానో తెలుసా?"

ఆ గొంతులో సందేహం లేదు. బ్యాగుల పట్టీలు వదులు చేయించాడు. పిల్లల్ని వరసలుగా నిలబెట్టి, చేతులు చేతుల్లో ఎలా పెనవేసుకోవాలో చూపించాడు. బలమైనవాళ్లు ఎగువ వైపు ఉండాలన్నాడు. అడుగు ఎత్తకుండా జరపాలన్నాడు. ఆయన నేర్పిందంతా సరైనదే. ఆ రోజు ఆ వాగు దాటకూడదన్న ఒక్క సంగతే ఆయనకు గుర్తు లేదు.

మొదటి వరస ఎలాగో దాటింది. రెండో వరస నడుమకు వచ్చేసరికి ఎవరిదో కాలు జారింది. పెనవేసుకున్న చేతులు విడిపోయాయి. చివరనున్న అక్షర ఒక్కసారిగా నీళ్లలోకి వెళ్లిపోయింది. కొంచెం దిగువన వాగుకు అడ్డంగా పడిన చెట్టు ఉంది. ప్రవాహం పిల్లను తీసుకెళ్లి దాని కొమ్మల్లో ఇరికించింది. మీదినుంచి ఇంకో దుంగ వచ్చి కాలిమీద పడింది.

వినీత్ దూకాడు. కూతురి తల నీళ్లపైన పట్టుకుని అరుస్తూ ఉండిపోయాడు, దుంగ కదల్లేదు. బిజేంద్ర కూడా దిగాడు. ఛాతీలోతు నీళ్లలో, ఆ వయసులో, దుంగ కింద భుజం పెట్టి లేపాడు. ఇద్దరూ కలిసి పిల్లను బయటికి లాగారు. రెండు ఒడ్లమీదా పిల్లలు ఏడుస్తున్నారు. పెద్దపిల్ల ఒకతి పరుగెత్తుకుంటూ గిరిజ దగ్గరికి వచ్చింది.

గిరిజ వెళ్లేసరికి అక్షర ఒడ్డుమీద పడుకుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి, కాలు ఉండాల్సిన తీరులో లేదు. గిరిజ తనకు తెలిసిందంతా చేసింది. హెలికాప్టర్ వచ్చి తండ్రీ కూతుళ్లను ఎక్కించుకుని వెళ్లింది. అప్పుడు ఆమె వెనక్కి తిరిగి బిజేంద్రను చూసింది. ఆయన ఒక రాయిమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా తడిసి వణుకుతున్నాడు. భుజం దగ్గర చొక్కా చిరిగి నెత్తురు కారుతోంది.

"అమ్మీ," అన్నాడు, "ఈ పిల్లలంతా ఎందుకు ఇలా తడిశారు?"

గిరిజ తన రెయిన్‌కోటు విప్పి ఆయన భుజాల మీద కప్పింది.

అక్షర బతికింది. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయాయి, తొడ ఎముక విరిగింది, తుంటి కీలు చితికింది. ఆపరేషన్ మీద ఆపరేషన్ చేశారు. ఎదిగే వయసు కాబట్టి ఆ కాలు పొట్టిగా ఉండిపోవచ్చని డాక్టర్లు చెప్పారు. గిరిజ ఆసుపత్రికి వెళ్తే అక్షర తల్లి గది బయటే ఆపి, "ఇప్పుడొద్దు" అంది. మళ్లీ ఎప్పుడు రావచ్చో చెప్పలేదు.

స్కౌట్స్ ప్రాంతీయ కార్యాలయం నుంచి మిషెల్ అనే ఆమె విచారణకు వచ్చింది. ఆమె కూడా వీళ్లలాంటి వాలంటీరే. పగలంతా స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చిన అలసట మొహంలో కనిపిస్తోంది. పిల్లలతో అప్పటికే మాట్లాడింది. వాగు దాటించింది బిజేంద్రే అన్నదాంట్లో ఎవరికీ అనుమానం లేదు. పెద్దవాళ్లతో మాట్లాడే రోజు పొద్దున అంజని గిరిజ ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"అంచనా తప్పిందని చెప్పు. నీళ్లు ఉన్నట్టుండి పెరిగాయని చెప్పు. అది ఎవరికైనా జరుగుతుంది. తప్పుకోమంటారు, గౌరవంగా తప్పుకుంటాడు. మతిపోయిన ముసలాడని పదిమందీ అనుకునేలా చెయ్యకు గిరిజా. నీ కాళ్లు పట్టుకుంటాను."

గిరిజ ఆమెను పట్టుకుని ఏడ్చింది. మాట మాత్రం ఇవ్వలేదు.

హాల్లో ఐదు కుర్చీలు వేశారు. బిజేంద్ర ఇస్త్రీ చేసిన యూనిఫాంలో, అంజనితో కలిసి వచ్చాడు. మిషెల్ నెమ్మదిగా అడిగిన ప్రశ్నకు ఆయన స్థిరంగా జవాబిచ్చాడు. "మేం బ్రిడ్జి మీదుగా వెళ్లాం. వాన పడ్డప్పుడు నేను పిల్లల్ని వాగులోకి దింపను. ఎప్పుడూ దింపలేదు."

వినీత్ తల వంచుకుని ఉన్నాడు. నిద్రలేక కళ్లు ఉబ్బిపోయాయి.

"నేను అడిగిన" అన్నాడు. "నీళ్లు ఎక్కువున్నయ్ అని అడిగిన. ఆయన అంత నమ్మకంగ చెప్పేసరికి ఊకున్న. తండ్రిని నేను. నా కండ్ల ముందల నా బిడ్డ నీళ్లల్ల దిగుతుంటే నిలబడి చూసిన. నేనే ఆపాల్సింది."

మిషెల్ గిరిజ వైపు తిరిగింది. "అంతకు ముందు మీకేమైనా తేడా కనిపించిందా?"

లేదని చెప్తే అక్కడితో అయిపోతుంది. అంజని మొహం వైపు చూడకుండా ఉండటానికి గిరిజ ప్రయత్నించింది. కానీ వినీత్ వంచిన మెడ కనిపిస్తూనే ఉంది. ఆ బరువు ఆయనది కాదు.

"కనిపించింది" అంది. "చాలా నెలలనుంచి." తాళం సంగతి చెప్పింది. పేర్లు మరిచిపోవడం, స్టవ్, అన్నీ చెప్పింది. క్యాంపులో ఆ పొద్దున బ్రిడ్జి మీదుగా వెళ్లాలని అనుకున్నదీ, ఆ మాట వినీత్‌కు చెప్పకపోవడమూ చెప్పింది. "నాకు తెలిసి కూడా పిల్లల్ని ఆయన వెంట పంపించాను."

బిజేంద్ర ఆమెనే చూస్తున్నాడు. ఆయన గొంతు పైకి లేవలేదు.

"ఎందుకమ్మీ అబద్ధం చెప్తున్నావు? నేను నీకేం చేశాను?"

వినీత్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"మీకు ముందే తెలుసా అక్కా?" అన్నాడు. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

బిజేంద్రను తప్పించారు. తెలిసీ చెప్పనందుకు గిరిజను కూడా పక్కన పెట్టారు. ఆమె దాన్ని ప్రశ్నించలేదు. ట్రూపు నడిపేవాళ్లు కావాలని తల్లిదండ్రులందరికీ మెసేజీలు వెళ్లాయి. మూసేస్తే ఎలా అని చాలామంది బాధపడ్డారు, ముందుకు మాత్రం ఒక్కరూ రాలేదు. చలికాలం ముగిసేలోపు పిల్లల్ని పక్క పేటల్లోని ట్రూపులకు సర్దేశారు. సగం మంది అసలు మానేశారు. హాలు స్థలం నగర కౌన్సిల్‌ది కావడంతో వాళ్లే దాన్ని వేరేవాళ్లకు ఇచ్చారు.

ఇదంతా బిజేంద్రకు ఎన్నిసార్లు చెప్పినా నిలిచేది కాదు. గురువారం వస్తే యూనిఫాం వేసుకుని హాలుకు నడిచి వెళ్లేవాడు. తాళం చెవి పట్టక తలుపు కొట్టేవాడు. లోపల యోగా నేర్చుకునేవాళ్లు భయపడి రెండుసార్లు పోలీసులను పిలిచారు. ఆ తర్వాత అంజని గిరిజకు ఫోన్ చేసింది. విచారణ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు.

"నా మాట వినడంలేదు. నువ్వొస్తావా?" అంది అంతే.

గిరిజ వెళ్లింది. మొదటివారం ఆయన ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు. "నువ్వు అబద్ధాలాడే మనిషివి" అన్నాడు. ఆమె హాలు మెట్లమీద ఆయనకు కొంచెం దూరంగా కూర్చుని, ఆయన లేచినప్పుడు వెనకాలే నడిచి ఇంటిదాకా దిగబెట్టింది. ప్రతి గురువారం అలాగే జరిగింది. ఒకసారి ఆయన ఆమెను చూసి చిరునవ్వు నవ్వాడు.

"వచ్చావా అమ్మీ? పిల్లలింకా రాలేదు."

ఆయన క్షమించాడని గిరిజ ఒక్క క్షణం అనుకుంది. తర్వాత అర్థమైంది. విచారణ కూడా ఆయనలోంచి జారిపోయింది. ఆయన తిడుతున్నన్నాళ్లూ, ఆ రోజు హాల్లో ఆమె చెప్పిన మాటైనా ఆయనలో మిగిలి ఉందన్న మాట. ఇప్పుడు అదీ లేదు.

ఏడాది తిరిగేలోపు అంజనికి ఆయన్ని ఇంట్లో చూసుకోవడం చేతకాకుండా పోయింది. ఒకసారి రాత్రి వంటింట్లో చెక్కముక్కలు పేర్చి మంట వేయబోయాడు. పిల్లలకు చలేస్తోందన్నాడు. చివరికి వృద్ధులను చూసుకునే హోంలో చేర్చారు. అక్కడ భోజనాల వేళ ఆయన లేచి అందరినీ లెక్కపెడతాడని, ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకరు తక్కువయ్యారని తలుపువైపు పోతాడని నర్సు చెప్పింది. ఆ మాట విన్నాక అంజని కారిడార్‌లో గోడకు ఆనుకుని నిలబడిపోయింది. గిరిజ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ ఊళ్లో వాళ్లిద్దరికీ అంతకుమించి దగ్గరివాళ్లు లేకుండా పోయారు, అయినా విచారణ రోజు పొద్దున గుమ్మంలో జరిగిన మాటల గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

మొన్న వేసవిలో గిరిజ సాండ్రింగ్‌హామ్‌లో సరుకులు కొనుక్కుని బయటికి వస్తుంటే, రోడ్డుపక్కన ఆగిన కార్లోంచి ఎవరో "ఆంటీ" అని పిలిచారు. అక్షర. పొడుగైంది. పక్కన సీటుకు ఆనించి ఊతకర్ర ఉంది. వినీత్ ఎదురుగా ఉన్న దుకాణంలో క్యూలో నిలబడి ఉన్నాడు.

గిరిజ దగ్గరికి వెళ్లింది. కాలు ఎలా ఉందని అడగాలో వద్దో తెలియక ఊరుకుంది.

"వచ్చే నెల ఇంకో సర్జరీ" అంది అక్షర తనే ఇంగ్లీషులో. తర్వాత అడిగింది, "మిస్టర్ బి ఎలా ఉన్నారు?"

"హోంలో ఉన్నారమ్మా. బాగాలేరు."

"నేను గుర్తున్నానా ఆయనకు?"

గిరిజ ఒక అందమైన అబద్ధం చెప్పగలదు. చెప్పలేదు. "లేదు నాన్నా. ఎవరూ గుర్తులేరు."

అక్షర కాసేపు ఊతకర్ర పిడిని వేళ్లతో రుద్దుతూ ఉండిపోయింది.

"ఓకే" అంది. "నాకు చాలా కోపం ఉండె ఆయన మీద. ఇప్పుడు ఎవరి మీద కోపపడాల్నో తెలుస్తలేదు." అంతవరకూ ఇంగ్లీషులో మాట్లాడిన పిల్ల ఆ ఒక్క మాట తెలుగులో, అచ్చం వాళ్ల నాన్నలాగే అంది.

"నా మీద కోపపడొచ్చు" అంది గిరిజ.

అక్షర ఆమెను చూసింది. ఇంతలో వినీత్ సంచులతో వచ్చాడు. గిరిజను చూసి ఆగాడు. సంచులు వెనక సీట్లో పెట్టి, డోరు వేసి, తన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. కారు కదిలింది.